గట్టిగా పట్టుకోని చెయ్యి

ఎనభైల్లో పెనుకొండలో ఏ కాలేజీ పిల్ల ముంజేతి మీదైనా కమిలిన గుర్తు కనపడితే ఇంట్లోవాళ్ళు కంగారుపడేవాళ్ళు కాదు. "మాబున్నీ దగ్గరికి పోయొచ్చినావా?" అని అడిగి ఊరుకునేవాళ్ళు. నా చేతుల మీదా ఆ గుర్తులు ఉండేవి. మా అమ్మ వాటికి ఆముదం రాస్తూ, "అది చెయ్యా, కొలిమికాడి పట్టకారా?" అని సణిగేది. మాబున్నక్క చేతి బలం అంతటిది. అయితే మాకు నేర్పడం మొదలుపెట్టిన కొత్తలో ఆ బలాన్ని ఆమె మా దగ్గర దాచింది. ఎందుకు దాచిందో, దాచినందువల్ల ఏం జరిగిందో తర్వాత ఆమే నాకు చెప్పింది. చెప్పేటప్పుడు ఒక్క మాట కూడా తనకు అనుకూలంగా చెప్పుకోలేదు. అదే నాకు ఆమె మీద కోపం. కొంచెమైనా చెప్పుకోవచ్చు గదా! ఆమె చెప్పుకోలేదు కాబట్టి ఆమె తరఫున నేను చెప్తున్నాను.

మాబున్నక్క నాయన మాబుసాబ్‌ను ఊళ్ళో అందరూ ఉస్తాదు అనేవాళ్ళు. ఆయన గరిడీ నేర్పేవాడు. కర్ర తిప్పడం, మీదపడ్డవాణ్ణి విదిలించుకోవడం, కిందపడితే దెబ్బ తగలకుండా లేవడం, అన్నీ కలిపి మా వైపు గరిడీ అంటారు. పీర్ల పండగలో నిప్పుల గుండం ముందర కర్ర తిప్పే పిల్లకాయలు ఏ మతంవాళ్ళైనా ఆయన శిష్యులే. వయసు మీదపడ్డాక ఆయన కళ్ళకు పొరలు వచ్చాయి. ఎదురుగా ఉన్న మనిషి నిలబడ్డాడా, కూర్చున్నాడా అన్నంతవరకే తెలిసేది. అయినా చేతికి కర్ర ఇస్తే మాత్రం దగ్గరికి పోవడానికి జంకాల్సిందే.

కూతురిని ధర్మవరంలో ఇచ్చాడు. అల్లుడు రసూల్ పట్టునూలుకు రంగులు వేసేవాడు. చీరలు నేసేవాళ్ళు నూలు తెచ్చి ఇస్తే ఉడకబెట్టి, మరిగే రంగునీళ్ళలో ముంచి, పిండి, ఆరబెట్టి ఇచ్చేవాడు. మాబున్నక్క పెళ్ళయిన కొద్దిరోజులకే ఆ పనిలో దిగింది. ముఖ్యంగా పిండే పని ఆమెది. తడిసిన నూలు చుట్టను గుంజకు తగిలించి, చుక్క నీళ్ళు మిగలకుండా మెలితిప్పాలి. మగవాళ్ళే మధ్యాహ్నానికి చేతులు నొప్పెట్టి కూలబడే పని అది. డెబ్బైల చివర్లో రసూల్ కామెర్లతో చనిపోయాడు. పిల్లలు లేరు. ఆమె పెనుకొండ వచ్చి నాయన దగ్గర ఉంటూ, పొద్దున రైలుకు ధర్మవరం పోయి అదే పని చేసి, సాయంత్రం రైలుకు తిరిగి వచ్చేది.

ఆమె రెండు చేతులూ మోచేతుల దాకా నేరేడుపండు రంగులో ఉండేవి. ఏ వారం ఏ రంగు వేస్తే దాన్నిబట్టి అందులో పచ్చో ఎరుపో కలిసేది. ఎంత రుద్దినా పోదు. చెమట పడితే మాత్రం కొంచెం కొంచెం అంటుకుంటుంది. మా నాయన స్టేషను పక్కన కాఫీ హోటలు నడిపేవాడు. రైలు దిగి అప్పుడప్పుడు అక్కడికి వచ్చినప్పుడు ఆమె గ్లాసును పైటచెంగుతో పట్టుకొని తాగేది. కాఫీ వేడిగా ఉందని అట్లా పట్టుకుంటోంది అనుకునేదాన్ని నేను. అంత మొద్దుదాన్ని.

మేము కొందరు ఆడపిల్లలం పొద్దున ప్యాసింజరుకు హిందూపురం పోయి కాలేజీలో చదువుకొని సాయంత్రానికి ఇల్లు చేరేవాళ్ళం. ఎనభై మూడులో ఆ రైల్లో కొందరు పోకిరీల గోల ఎక్కువైంది. దారికి అడ్డంగా కాళ్ళు చాపడం, జడ గుంజడం, దిగేటప్పుడు చెయ్యి పట్టుకోవడం. ఇంట్లో చెబితే వాళ్ళను ఏమీ అనరు, మా చదువు మాన్పిస్తారు. అందుకని ఎవరమూ నోరు విప్పలేదు. అయినా లక్ష్మీదేవమ్మ టీచరుకు ఎట్లాగో తెలిసిపోయింది. ఆమె హైస్కూల్లో మాకు లెక్కలు చెప్పిన మనిషి. క్లాసులో ఆమె "ఏమే!" అని ఒక్క అరుపు అరిస్తే గోడవతల సైకిలు తొక్కేవాడు కూడా బ్రేకు వేసేవాడు. ఆమె నేరుగా ఉస్తాదు ఇంటికి పోయింది.

"ఏమప్పా మాబుసాబ్, మగపిల్లకాయలకేనా నీ గరిడీ? ఆడపిల్లోళ్ళు ఏం పాపం చేసినారు?"

"చెప్తానమ్మా, ఎందుకు చెప్పను? అయితే ఒక మాట. పరాయి ఆడపిల్ల చెయ్యి నేను పట్టుకోను. అది మా ఉస్తాదు కాడ్నుంచి వస్తాండే పద్ధతి. నిలబడేది, కొట్టేది, కర్ర పని నేను చెప్తా. చెయ్యి పట్టుకుంటే ఇడిపించుకునేది నేర్పనీకి మాత్రం మా మాబున్నీ వచ్చి పట్టుకుంటాది."

"సరే" అంది టీచరు. మాబున్నక్క అక్కడే పొయ్యి దగ్గర ఉంది. ఆమెను ఇద్దరిలో ఎవరూ అడగలేదు. పెద్దవాళ్ళిద్దరూ మంచి పని చేస్తున్నామన్న ఉత్సాహంలో ఉన్నప్పుడు మూడో మనిషిని అడగాలని ఎవరికి తోస్తుంది?

మూతబడిన చెనక్కాయల మిల్లు ఆవరణలో ఆదివారం ఆదివారం క్లాసు పెట్టారు. చుట్టూ ఎత్తు గోడలు, బయటివాళ్ళకు కనపడము. కనపడకపోయినా మొదటి ఆదివారం మా అవస్థ చెప్పనలవి కాదు. కాళ్ళు ఎడం చేసి నిలబడమంటే అందరమూ బెత్తెడు ఎడం చేసి, ఓణీలు సర్దుకొని, తలలు దించుకున్నాం. పుట్టినప్పటి నుంచి కాళ్ళు దగ్గర పెట్టుకో, గొంతు తగ్గించు అని చెప్పించుకున్నవాళ్ళం. ఒక్కరోజులో ఎట్లా మారతాం? "హేయ్" అని గట్టిగా అరవమన్నాడు ఉస్తాదు. మేము అరిచాం. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని, "ఎవురికో దగ్గు వచ్చినట్టుండాది, నీళ్ళియ్యండి" అన్నాడు. ఒకరిమీద ఒకరం పడి నవ్వాం.

ఆ నవ్వుల మధ్య మొదట సిగ్గు వదిలించుకున్నది రత్న. పూర్తి పేరు నాగరత్నమ్మ. చెనక్కాయల వ్యాపారి ముత్యాలప్ప ఒక్కగానొక్క కూతురు. ఓణీ నడుముకు బిగించి, కాళ్ళు బారెడు ఎడం చేసి నిలబడి "హేయ్" అని అరిచింది చూడండి, మిల్లు రేకుల మీదున్న పావురాలన్నీ లేచిపోయాయి. ఉస్తాదు ముఖం వెలిగిపోయింది. "ఎవురమ్మా అది? ఆ గొంతు పోగొట్టుకోవద్దు" అన్నాడు. ఆమెను చూసి మేమూ ఒక్కొక్కరమే గొంతు పెంచాం.

తర్వాత చెయ్యి విడిపించుకోవడం. పట్టుకున్నవాడి బొటనవేలు ఏ వైపు ఉందో ఆ వైపుకు మన చెయ్యి తిప్పి, మోచెయ్యి వంచి, ఒక్కసారిగా గుంజాలి. మాబున్నక్క ముందుకు వచ్చి రత్న ఎదురుగా నిలబడింది. అంతసేపూ వెనక్కి పెట్టుకున్న చేతులు ముందుకు తెచ్చింది. రత్న ముంజెయ్యి పట్టుకుంది. అప్పుడు రత్న ఆ చేతిని చూసి, "అక్కా, ఈ రంగు అంటుకుంటుందా?" అని అడిగింది.

ఈ మాట మాబున్నక్క నాకు ఎప్పుడూ చెప్పలేదు. నేను అక్కడే ఉండి విన్నాను. రత్న ఎగతాళిగా అడగలేదు. కొత్త తెల్ల జాకెట్టు వేసుకొని వచ్చింది, పాడైతే ఇంట్లో తిడతారు, అంతే. కానీ మాబున్నక్క చెయ్యి తీసేసుకుంది. ముఖం ఎర్రబడింది. "లేదు పాపా, అంటదు" అని, పైటచెంగు చేతికి చుట్టుకొని మళ్ళీ పట్టుకుంది. ఈసారి పట్టుకోవడం కూడా కాదు, గాజు సైజు చూసేవాళ్ళు పట్టుకున్నట్టు, రెండు వేళ్ళతో. రత్న చెయ్యి తిప్పి గుంజగానే విడిపోయింది. మేమంతా చప్పట్లు కొట్టాం. ఒకరి తర్వాత ఒకరం పోయి చెయ్యి ఇచ్చాం. అందరమూ మొదటి గుంజుకే విడిపించుకున్నాం. మాకు మేమే గొప్ప యోధుల్లాగా కనపడ్డాం.

చప్పట్లు విని ఉస్తాదు అడిగాడు: "గట్టిగ పట్టినావా మాబున్నీ?"

"పట్టినా నాయనా."

ఆ రెండు మాటలే ఆమె ఇప్పటికీ మోస్తోంది.

ఎందుకట్లా అన్నావక్కా అని తర్వాత నేను అడిగాను. ఆమె చెప్పిన దాంట్లో పెద్ద కారణమేమీ లేదు. పదిమంది చదువుకున్న పిల్లల మధ్య తన చేతులు చూసుకుంటే ఒళ్ళు చచ్చిపోయినట్టుండేదట. ఒక్కరోజు ఈ పిల్లలు సంతోషపడనీ, వచ్చే వారం గట్టిగా పట్టుకుంటా అనుకుందట. వచ్చే వారం మరింత కష్టమైంది. పోయిన వారం సులువుగా విడిపించుకున్న పిల్ల ఈ వారం విడిపించుకోలేకపోతే ఎందుకని అడుగుతుంది. నాయన అడుగుతాడు. అప్పుడు ఏం చెప్పాలి? అట్లా ఒక ఆదివారం మీద ఇంకో ఆదివారం పడుతూ పోయింది. మేము ప్రతి వారం గెలుస్తూ ఉన్నాం. క్లాసుకు వస్తూ పోతూ గొంతులు పెరిగాయి, నడక మారింది. బజార్లో తల ఎత్తి నడిచే ఆడపిల్లలను చూసి లక్ష్మీదేవమ్మ టీచరు మురిసిపోయేది. మా అందరి సిగ్గూ పోయింది. మాబున్నక్కది మాత్రం పైటచెంగు కిందే ఉండిపోయింది.

దసరా సెలవులు అయిపోయాక ఒక సాయంత్రం. హిందూపురం స్టేషన్లో రైలు కదలడానికి సిద్ధంగా ఉంది. మేము పెట్టె ఎక్కుతున్నాం. రత్న అందరికంటే వెనక ఉంది. ఆ పోకిరీల్లో ఒకడు వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. మిగతావాళ్ళు నవ్వుతున్నారు. మామూలుగా అయితే మేమంతా అరిచి, గోల చేసి, ఆమెను లోపలికి గుంజుకొని పోయేవాళ్ళం. నేను మెట్టు మీద నుంచి "రావే రత్నా, రావే" అని పిలిచాను కూడా. వాడి చెయ్యి అప్పటికింకా వదులుగానే ఉంది.

"ఉండు, వీనికి ఈ పొద్దు చూపిస్తా" అంది రత్న.

తిరిగి వాడికి ఎదురుగా నిలబడింది. కాళ్ళు ఎడం చేసింది. చెయ్యి బొటనవేలి వైపు తిప్పి గుంజింది. రాలేదు. అప్పటికే వాడు పట్టు బిగించాడు. రత్న మళ్ళీ గుంజింది. ఆమె ముఖంలో భయం కంటే ముందు ఆశ్చర్యం వచ్చింది. అది నేను చూశాను. వాడు నవ్వుతూ చెయ్యి మెలితిప్పి ఒక్క తోపు తోశాడు. ఆమె పోయి సిమెంటు బెంచీ అంచు మీద పడింది. ముంజెయ్యి విరిగిన శబ్దం మాకు మెట్ల మీదికి వినపడింది. జనం పోగయ్యేసరికి వాళ్ళు పట్టాలు దాటి పారిపోయారు.

రత్నకు పుత్తూరు కట్టు కట్టించారు. ముత్యాలప్ప కాలేజీ మాన్పించాడు. "చదువూ వద్దు, సామూ వద్దు, ఇంట్లో ఉండు" అన్నాడు. ఊళ్ళో అందరికీ తలా ఒక తప్పు దొరికింది. కొందరు పోకిరీలదన్నారు, అది నిజమే. కొందరు ఆడపిల్లకు అంత పొగరేంది అన్నారు. కొందరు ఆడపిల్లలకు గరిడీ నేర్పిన ఉస్తాదును అన్నారు. మాబున్నక్క పేరు ఎవరి నోటా రాలేదు. చెయ్యి పట్టుకున్న మనిషి ఎట్లా పట్టుకుంది అని ఎవరు ఆలోచిస్తారు?

మేము రత్నను చూడ్డానికి పోయినప్పుడు మాబున్నక్క కూడా వచ్చింది. గది లోపలికి రాలేదు, వాకిలి దగ్గరే నిలబడింది. రత్న కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకొని, "తప్పు నాదేనే. ఉస్తాద్ తాత చెప్పినట్టు మోచెయ్యి వంచలేదేమో. క్లాసులో ప్రతిసారీ వచ్చేది. ఆడ్నే యాడో తప్పు చేసినా" అంది. ఆ మాట విని మాబున్నక్క వెళ్ళిపోయింది. ఎందుకు పోయిందో మాకెవరికీ అర్థం కాలేదు.

ఉస్తాదు ఆ వారమే కర్రను అటకమీదికి ఎక్కించాడు. "కండ్లు పోయినాయి, ఇంగ విద్య కూడా పోయినట్టుండాది. ఒక ఆడపిల్లను నమ్మించి నడిబజార్లో నిలబెట్టినా" అని తనలో తాను అనుకుంటూ అరుగు మీద కూర్చునేవాడు. మసీదుకు పోయి వచ్చేటప్పుడు ముత్యాలప్ప ఇల్లు తప్పించుకొని చుట్టుతిరిగి వచ్చేవాడు. ఒకరోజు మగపిల్లకాయలు వచ్చి పీర్ల పండగకు కర్ర నేర్పమంటే, "నా కాడ నేర్చుకుంటే మీ చేతులు కూడా ఇరుగుతాయి, పొండి" అన్నాడు. మాబున్నక్క పొయ్యి దగ్గర కూర్చొని అంతా వింటూ ఉంది.

రెండు తలలు తన తప్పును మోస్తున్నాయి. ఒకటి కట్టు కట్టుకొని మంచంలో ఉన్న ఆడపిల్లది, ఇంకొకటి ముసలి నాయనది. ఆమెకు అన్నం లోపలికి పోయేది కాదు. ధర్మవరంలో నూలు మెలితిప్పేటప్పుడు తన చేతుల్లో ఉన్న బలం చూసుకొని తనమీద తనకే అసహ్యం వేసేదట. "ఈ బలంలో పావు వంతు ఆ పిల్లకు చూపించినా సరిపోయేది గదా" అనుకునేదట. చెప్పేయాలని రోజూ అనుకునేది. సాయంత్రం రైలు పెనుకొండ చేరేసరికి ఆ ధైర్యం యాడికి పోతుందో పోయేది. చెప్తే నాయన తనను ఏమంటాడో అన్న భయం కంటే, రత్న తనను ఎట్లా చూస్తుందో అన్న భయమే ఎక్కువ.

చివరికి ఒక శుక్రవారం నాయన నమాజు చేసుకొని వచ్చి కూర్చున్నాక చెప్పింది.

"నాయనా, నేను గట్టిగ పట్టలే."

"యాడ?"

"పిల్లోళ్ళ చేతులు. ఒక్క దినం కూడా గట్టిగ పట్టలే. నువ్వు అడిగినప్పుడల్లా అబద్ధం చెప్పినా."

ఆమె తిట్టుకోసం ఎదురుచూసింది. తిట్టి ఉంటే బాగుండేది అంది నాతో. ఆయన చెయ్యి చాపి వెతికి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నేనూ ఒక్కతూరి వచ్చి నీ చెయ్యి తడిమి చూసుకోల్యా. చప్పట్లు విని మురిసిపోతి" అన్నాడు. తర్వాత, "నాకు చెప్పి ఏం లాభం తల్లీ? నా చెయ్యి ఇరగలే. ఆ పాపకు పోయి చెప్పు" అన్నాడు.

మర్నాడే పోయింది. రత్న వాళ్ళమ్మ అంజనమ్మ పెరట్లో చెనక్కాయలు ఒలుస్తూ ఉంది. రత్న పక్కన కూర్చొని ఉంది. మాబున్నక్క నిలబడే చెప్పింది. రెండు వేళ్ళతో పట్టుకున్నానని, ఎవరి చెయ్యీ నిజంగా పట్టుకోలేదని, రత్న నేర్చుకున్నదంతా గాలిని విదిలించుకోవడమేనని చెప్పింది. రత్న "ఎందుకక్కా?" అని అడిగింది.

"నా చేతులు చూసి నేనే సిగ్గుపడినా పాపా."

రత్న ఆ రంగు మాట తను అడిగినట్టు మరిచిపోయిందో, గుర్తుందో తెలియదు. మాబున్నక్క గుర్తుచేయలేదు. అక్కడ నేనుంటే గుర్తుచేసేదాన్ని. రత్న లేచి, "ఇన్ని దినాలు నా తప్పనుకుంటూ ఏడుస్తా ఉండాను నేను. పో అక్కా ఈడ్నుంచి" అని లోపలికి పోయి తలుపు వేసుకుంది. అంజనమ్మ తల ఎత్తలేదు. మాబున్నక్క వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

ఆ తర్వాత చాలా రోజులు ఏమీ జరగలేదు. మాబున్నక్క ధర్మవరం పోతూ వస్తూ ఉంది. మా హోటలుకు రావడం మానేసింది. సంక్రాంతి దాటాక రత్న కట్టు విప్పారు. నేను చూడ్డానికి పోతే ఆమె అటూ ఇటూ చూసి, మెల్లగా, "మాబున్నక్కను రమ్మని చెప్పు. ఆదివారం మా నాయన సంతకు పోయినాక. వచ్చి నా చెయ్యి పట్టుకోమను. ఈతూరి నిజంగా" అంది. ఆ మాట చెప్పడానికి సాయంత్రం రైలు వచ్చేదాకా స్టేషన్లో కాచుకొని కూర్చున్నాను. విన్నాక మాబున్నక్క ప్లాట్‌ఫారం మీదే కూర్చుండిపోయింది.

ఆదివారం ఆమె వచ్చింది, నేనూ పోయాను. పైట నడుముకు దోపుకుంది. చేతులు బయటే ఉన్నాయి, ఆ వారం ఆకుపచ్చ కలిసిన నేరేడు రంగు. రత్న విరగని చెయ్యి చాపింది. మాబున్నక్క పట్టుకుంది. రత్న ముఖం మారిపోయింది. తిప్పింది, గుంజింది, మళ్ళీ గుంజింది. గోడకు కట్టేసినట్టు కదలలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంజనమ్మ లేచి నిలబడింది. "వదిలేదా పాపా?" అని మాబున్నక్క అడిగింది. "వద్దు" అంది రత్న పళ్ళు బిగించి. ఆ రోజు విడిపించుకోలేకపోయింది. ఆ పై ఆదివారమూ అంతే. ముంజెయ్యి కమిలి నల్లబడింది. మాబున్నక్క ఇంటికి పోయి నాయనను అడిగి వచ్చేది. ఒట్టిగా గుంజితే రాదు, ముందు వాడి ధ్యాస మళ్ళించాలి, మడమతో పాదం తొక్కాలి, లోపలికి అడుగేసి మోచేత్తో కొట్టాలి, అప్పుడు గుంజాలి, విడిపోగానే పరిగెత్తాలి అని ముసలాయన చెప్పి పంపేవాడు. ఆమె తన కాళ్ళమీద, తన డొక్కలో ఆ దెబ్బలన్నీ తినేది. మొదట్లో రత్న కొట్టడానికి సంకోచించింది. "కొట్టు పాపా, నాకు తగలల్ల" అనేది మాబున్నక్క. ఆ గొంతులో బతిమాలుకుంటున్నట్టు ఉండేది. దెబ్బ గట్టిగా తగిలిన రోజు ఆమె కొంచెం తేలికగా ఇంటికి పోయేది. నాకు అది నచ్చేది కాదు. నేర్పడానికి దెబ్బలు తింటోందా, శిక్ష అనుకొని తింటోందా అని అడిగాను. "రెండూ" అంది.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం సంత తొందరగా ముగిసింది. ముత్యాలప్ప పెరటి తలుపు తోసుకొని లోపలికి వచ్చాడు. మాబున్నక్క ఆయన కూతురి చెయ్యి పట్టుకొని ఉంది. అదీ విరిగి అతికిన చెయ్యి. రత్న గింజుకుంటోంది.

"ఏయ్, వదులు!" అని అరిచాడు.

అంతకు ముందు ఏడాది అయితే ఆ అరుపుకు ఆమె చేతులు పైట కింద దాచుకొని నేల చూసేది. ఈసారి తల తిప్పకుండానే, "వదలనప్పా. పాపే ఇడిపించుకోవల్ల" అంది.

"నా ఇంట్లో నిలబడి నా బిడ్డ చెయ్యి పట్టుకొని వదలనంటావా?"

"అవునప్పా. బయట పట్టుకునేటోడు నువ్వు చెప్తే వదలడు."

ముత్యాలప్ప రెండడుగులు ముందుకు వేశాడు. అంతలో రత్న "హేయ్" అని అరిచింది, మిల్లు ఆవరణలో అరిచిన గొంతే. మడమతో మాబున్నక్క పాదం తొక్కింది, లోపలికి దూసుకొచ్చి మోచేత్తో ఆమె మూతిమీద కొట్టింది, చెయ్యి తిప్పి గుంజింది. విడిపోయింది. ఆ ఊపుకు తనే పోయి చెనక్కాయల కుప్పలో పడింది. లేచి తన చెయ్యి తనే చూసుకుంటూ పగలబడి నవ్వింది. చెయ్యి విరిగిన తర్వాత ఆమె నవ్వడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. ముత్యాలప్ప కూతురి ముఖం చూశాడు, మాబున్నక్క పెదవి నుంచి కారుతున్న నెత్తురు చూశాడు. భార్యతో "ఆమెకు నీళ్ళియ్యి" అని చెప్పి లోపలికి పోయాడు.

జూన్‌లో ఆయన రత్నను మళ్ళీ కాలేజీకి పంపాడు. ఏడాది చదువు పోయింది. ఆ చెయ్యి ఎప్పటికీ పూర్తిగా చాపడానికి రాలేదు. ఉస్తాదు కర్ర అటక దిగింది, మిల్లు ఆవరణలో ఆదివారాలు మళ్ళీ మొదలయ్యాయి, మా అందరి చేతులూ కమిలాయి. ఇవన్నీ చెప్పి నేను మాబున్నక్కతో వాదిస్తాను, ఇంక చాలు, నిన్ను నువ్వు వదిలెయ్ అని. ఆమె ఒప్పుకోదు. ఆ రోజు ముత్యాలప్ప లోపలికి పోయాక పెరట్లో ఏం జరిగిందో నాకు గుర్తుచేస్తుంది.

అంజనమ్మ నీళ్ళకు పోయింది. రత్న ఇంకా నవ్వుతూ, ఆయాసపడుతూ, చెయ్యి తడుముకుంటూ ఉంది. ఉన్నట్టుండి నవ్వు ఆపి మాబున్నక్క వైపు చూసింది.

"అక్కా, నువ్వు మొదట్నే ఇట్ల పట్టుకొనుంటే నాకు చాతకాదని నాకే తెలిసుండేది. ఆ పొద్దు వాని ముందర నిలబడేదాన్నే కాదు. ఇది పిలిస్తే గమ్మున రైలెక్కేసేదాన్ని."

కోపంగా అనలేదు. చాలా రోజులుగా అర్థంకానిది అప్పుడే అర్థమైనట్టు మామూలుగా అంది. 'ఇది' అన్నది నన్నే, నేను పక్కనే ఉన్నాను.

"అవును పాపా" అంది మాబున్నక్క.

తను ఏడిస్తే ఆ పిల్ల తనను ఓదార్చాల్సి వస్తుందని ఏడుపు ఆపుకుందట. పెదవి మీది నెత్తురు కూడా తుడుచుకోకుండా, "రా, ఇంగొకతూరి" అని మళ్ళీ రత్న చెయ్యి గట్టిగా పట్టుకుంది.